ముద్దుమాట ఎవరి సొత్తు?

మా మనవడికి మూడేళ్ళు. వంటింట్లో బొద్దింక కనబడిందంటే చాలు, "అమ్మమ్మా, బొంకిద్ద!" అని ఒకటే గోల. వాళ్ళమ్మ వెంటనే "బొంకిద్ద కాదురా, బొద్దింక. ఏదీ, అను" అంటూ నిలబెట్టి దిద్దుతుంది. దిద్దొద్దని నేననలేను. రేపు బడిలో నలుగురూ నవ్వితే చిన్నబుచ్చుకునేది వాడేగా! అయినా ఆ మాట పోతుందంటే మనసెందుకో ఊరుకోదు.

అప్పుడు నాకు వెండీ గుర్తొస్తుంది. మన వెండి కాదండోయ్! పీటర్ పాన్ కథలో, ఎగిరే పిల్లాడి వెంట కిటికీలోంచి ఎగిరిపోయే అమ్మాయి. అంతకు ముందు ఇంగ్లీషువాళ్ళలో ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు దాదాపు లేరు. రచయిత జేమ్స్ బారీకి దాన్నిచ్చింది ఓ పసిపాప. ఆయన స్నేహితుడు, కవి హెన్లీ గారి కూతురు మార్గరెట్. బారీని "ఫ్రెండీ" అని పిలవబోతే పాపకు 'ర' పలికేది కాదు. "ఫ్వెండీ వెండీ" అనేది. 1894లో అయిదేళ్ళకే ఆ పాప కన్నుమూసింది. 1904లో లండన్‌లో బారీ నాటకం ఆడినప్పుడు అందులోని అమ్మాయి పేరు వెండీ. అది వినే భాగ్యం తండ్రికి లేకపోయింది. ఆయన 1903లోనే పోయాడు.

పోయిన పసిదాని ముద్దుమాటను తీసుకెళ్ళి, టిక్కెట్టు పెట్టి ఆడించడం సబబేనా? నాకూ ఒక్కోసారి ఈ సందేహం వస్తుంది. కానీ ఆలోచించండి. కల్పిత కథల్లో పేర్లు గాల్లోంచి పుడతాయా? టోల్కిన్ తన 'హాబిట్' (1937)లో మరుగుజ్జుల పేర్లు చాలావరకు, మాంత్రికుడు గాండాల్ఫ్ పేరుతో సహా, ఓ పాత నార్స్ కావ్యంలోంచే తెచ్చుకున్నాడు. 'మాయాబజార్' (1957)లో మన పింగళివారి 'తసమదీయులు' కూడా 'అస్మదీయులు'కు జోడీగా పుట్టిందే. ఎవరి నోటి మాటో అందుకోనిదే కొత్త మాట రాదు. అందుకున్నవాడు దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నాడన్నదే ప్రశ్న. బారీ తీసుకోకపోతే ఆ మాట పాపతోనే పోయేది. ఆ తరువాత ఎంతమంది తల్లులు తమ పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారో!

మన ఇళ్ళల్లో ఇలాంటి మాటలెన్ని దిద్దుబాట్లలో కొట్టుకుపోయాయో మీరే చెప్పండి. దిద్దడం తప్పు కాదు. దాచుకోకపోవడమే తప్పేమో.

నిన్న మావాడు స్పష్టంగా "బొద్దింక" అన్నాడు. మా అమ్మాయి మురిసిపోయింది. నేను లోపలికెళ్ళి, పద్దుల పుస్తకం ఆఖరి పేజీలో "బొంకిద్ద" అని రాసి, పక్కన తేదీ వేసుకున్నాను.