రిబ్కా వండిన కూర

పాఠము: ఆదికాండము 27వ అధ్యాయము



ఇస్సాకు ముసలివాడాయెను, చూపు పోయెను. కన్నుమూయక మునుపు అడవిమాంసపు కూర ఒకసారి తినవలెనని ఆయన మనస్సు లాగెను. పెద్దకుమారుడు ఏశావు విల్లు పట్టుకొని అడవిదారి పట్టెను. చాటుననుండి విన్న రిబ్కా మందలోని రెండు మేకపిల్లలను తెప్పించి, భర్త మెచ్చు తీరున వండి, చిన్నకుమారుని చేత పంపెను. ఆ పూట ఇస్సాకు ఏమేమి అనుమానించెనో గమనించుడి. స్వరమును అనుమానించెను. చేతులు తడవి చూచెను. వస్త్రముల వాసన చూచెను. కూరను మాత్రము అనుమానింపలేదు!

మన తల్లులకు ఇది వింత కాదు. దుప్పి మాంసములో కొవ్వు బహు తక్కువ, నార గట్టిది. ఊరక ఉడికించినచో తోలువలె సాగును. అందుచేత పూర్వము వేట దొరికిన ఇండ్లలో దానిని కత్తిపీట మీద సన్నగా తరిగి, రోటిలో దంచి, చాలని కొవ్వునకు మేక కొవ్వు కలిపి ఖైమా చేసెడివారు. అల్లము, వెల్లుల్లి, ధనియాలు, లవంగములు, దాల్చినచెక్క సన్నికల్లు మీద మెత్తగా నూరి పట్టించి, సన్నని సెగమీద నీరు ఇగురువరకు ఉంచెడివారు. అంత దంపు, అంత మసాలా పడిన తరువాత అది దుప్పియో మేకయో నాలుక చెప్పగలదా? ఇస్సాకు నాలుక చెప్పలేకపోయెను. అడవిలో ఉన్నదని ఆయన తలంచిన రుచి రిబ్కా చేతిలోనే ఉండెను. ఆ మాట ఆమె భర్తతో చెప్పి, ఆ కూరనే తన పేరున పెట్టియుండిన ఎంత బాగుండెడిది!

మన తెలుగు మాట కూడ ఈ సంగతినే ఎరుగును. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో వేటమాంసము అనిన మేక, గొఱ్ఱె మాంసమే. అంగడిలో కిలో వేటమాంసము అడిగినవానికి జింకను ఎవరును తూచి ఇయ్యరు.

అయితే జింకను సంచిలో దాచి తెచ్చి ఇచ్చువారు కొందరు లేకపోలేదు. క్రిస్మసు దగ్గరపడినప్పుడు, పెండ్లి కుదిరినప్పుడు, ఓడరేవులోనో ఉక్కు కర్మాగారములోనో పనిచేయు కుమారుడు స్నేహితులతో ఇంటికి వచ్చినప్పుడు, ఎవరో చీకటిలో తలుపు తట్టి, అడవిది, అయినవారికే ఇచ్చుచున్నాము అందురు. ఇందునుగూర్చియే ఈ మాసము వ్రాయుచున్నాము.

జింక అపవిత్రమైన జంతువు కాదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో మోషే తినదగినవాటి వరుసలో దుప్పిని, జింకను చేర్చెను. సొలొమోను బల్లకు ఎడ్లు, గొఱ్ఱెలు మాత్రమే కాక దుప్పులును వచ్చెడివని రాజుల మొదటి గ్రంథము 4వ అధ్యాయము తెలుపుచున్నది. మన కొండలలోను, అనగా 2022 వరకు విశాఖ జిల్లాలోనే ఉండిన పాడేరు, అరకు సీమలో, చైత్రమాసపు ఇటుకల పండుగకు పురుషులు వేటకు పోవు ఆచారము తరతరములనాటిది. మాంసమును బట్టి దోషము లేదు. కాని 1972లో మన పార్లమెంటు వన్యప్రాణుల సంరక్షణ చట్టము చేసెను. దానిప్రకారము జింకను వేటాడుట నేరము. అట్లు చంపిన జంతువు మాంసము ప్రభుత్వపు సొత్తు. చంపినవాడే కాదు, కొని వండినవాడును చిక్కును. విశాఖ పట్టణమునకు ఆనుకొనియున్న కంబాలకొండ అభయారణ్యమును చూచినవారికి ఈ చట్టము ఏల వచ్చెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క ఇండ్లు, ఒక ప్రక్క రహదారి. నడుమ మిగిలిన కొద్ది అడవిలో కణుజులును కొండగొఱ్ఱెలును తలదాచుకొనుచున్నవి. గూటిలోని పిల్లలతోకూడ తల్లిపక్షిని పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. పక్షిగూటి విషయములోనే అంత జాగ్రత్త చూపినవాడు మిగిలిన నాలుగు జింకల విషయములో ఊరకుండునా?

ఇక్కడ కొందరు పౌలును సాక్షిగా పిలుతురు. అంగడిలో అమ్మినది విచారణ చేయక తినుడని కొరింథీయులకు వ్రాసెను గదా అందురు. వ్రాసెను. అయితే అది పట్టపగలు, నలుగురి యెదుట అమ్ము అంగడి. చీకటిలో వచ్చిన సంచి అంగడి కాదు. మరియు ఆ 10వ అధ్యాయములోనే మూడు వచనముల తరువాత, ఇది ఫలానాది అని ఒకడు తెలిపినయెడల మానుడనియు వ్రాసియున్నాడు. తెచ్చినవాడు అడవిదని చెవిలో చెప్పనే చెప్పెను. ఇక విచారణ చేయలేదను మాట ఎక్కడిది?

ఇంకొక సంగతి. పట్టుబడినప్పుడు చెరసాలకు పోవునది తరచుగా కొండమీది పేదవాడే. తిన్నవారు పట్టణములో చేయి కడుగుకొందురు. వాడు పరచిన కరెంటు తీగ జింకనే ఎంచి చంపదు. రాత్రివేళ పొలమునకు పోవు రైతును, దారితప్పిన ఆవును కూడ చంపును. ఆ జంతువు ఎట్లు చచ్చెనో, రోగముతో పడియుండెనో చూచిన పశువైద్యుడు లేడు. చచ్చిన పశువుల మాంసము తిని ఆంత్రాక్సు రోగము తెచ్చుకొనిన గ్రామములు మన ఏజన్సీలోనే ఉన్నవి. దానంతట అది చచ్చినదానిని తినవద్దని ధర్మశాస్త్రము ఊరకనే చెప్పలేదు.

కొత్తగా కక్కు కొట్టించిన రోటిలో మొదట తవుడు వేసి రుబ్బి పారబోయుట మన స్త్రీలకు తెలియును. లేనియెడల కూర ఎంత కమ్మగా ఉన్నను పంటిక్రింద రాయి తగులును. మోసము వలన వచ్చిన ఆహారమును గూర్చి సామెతలు 20వ అధ్యాయము చెప్పునది ఈ రాతినిగూర్చియే; మొదట తీపి, తరువాత నోటినిండ గులకలు.

కావున ఈ క్రిస్మసుకు మేకనే తెప్పించుడి. ఖైమా కొట్టించినచో ఆ పూటనే వండుడి. ముక్కకు పైన అంటిన మలినము నూరునప్పుడు లోపలికంతయు కలియును గనుక ఎఱుపు పూర్తిగా పోవువరకు ఉడికించుడి. కొంచెము నానిన శనగపప్పు చేర్చి ఉండలు కట్టినయెడల పిల్లలు ఇష్టముగా తిందురు. బంధువులు ఇది ఏ మాంసమని అడిగినయెడల, మేకయే అని చెప్పుడి.

రిబ్కా ఆ మాట చెప్పలేకపోయెను. ఏశావు కోపము చల్లారువరకు కొన్నాళ్లు హారానులో ఉండుమని ఆమె యాకోబును పంపివేసెను. ఆ కొన్నాళ్లు ఇరువది సంవత్సరములాయెను. అతడు భార్యలతో, పిల్లలతో, మందలతో తిరిగి వచ్చెను. దారిలో రిబ్కా దాది దెబోరా చనిపోగా సింధూర వృక్షము క్రింద పాతిపెట్టిరని 35వ అధ్యాయములో చదువుచున్నాము. హెబ్రోనులో తండ్రి ఇస్సాకును చేరెనని చదువుచున్నాము. తల్లి ఎదురు వచ్చినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.