నిజముద్ర, దొంగలేఖ: గూఢచారి నవలా నాయకుని గూర్చి ఒక విచారము

అపరాధ పరిశోధక నవలలను, గూఢచారి నవలలను చదువని తెలుగువారు అరుదు. చదివితిమని సభలలో చెప్పుకొనువారు అంతకంటె అరుదు. ప్రబంధములను అలమరలో ముందువరుసను నిలిపి, డిటెక్టివు పుస్తకములను వెనుకవరుసను దాచుకొనుట మన యిండ్లలో చిరకాలముగా నున్న ఆచారము. అయినను తెలుగు అక్షరముమీద ప్రీతి పుట్టించిన పుస్తకములలో ఈ వెనుకవరుసవారి పాలు తక్కువది కాదు. దినమునకింత అని అద్దె చెల్లించి తెచ్చుకొని, తెల్లవారులోగా ముగించి, దుకాణమునకు తిరిగి యిచ్చివేసిన నవలలవి. పుస్తకములు తిరిగి పోయినవి గాని, వాని నాయకులు మాత్రము మన మనస్సులను విడిచి పోలేదు.

బీదరు పట్టణమున ఈ ప్రీతికి మరియొక విశేషము కలదు. హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీన భాషల ననుసరించి మూడు రాష్ట్రములకు పంచబడినది. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మెదకు జిల్లాలో చేరినవి. ఉద్గీరు మున్నగునవి బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. బీదరు, భాల్కి, హుమనాబాదు, ఔరాదు మైసూరు రాష్ట్రమున నిలిచినవి. గీతలు మారినను, తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే బజారున వినవచ్చుట మానలేదు. ఈ నాలుగు భాషలకును తమ తమ పరిశోధక నాయకులున్నారు. తెలుగున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్, అతని సహాయకుడు రాజు, కన్నడమున ఎన్. నరసింహయ్యగారి పత్తేదారు పురుషోత్తముడు. మరాఠీలో బాబూరావు అర్నాళకరుగారి ఝుంజార్. ఉర్దూలో 1952లో ఆరంభమైన 'జాసూసీ దునియా'లో ఇబ్నె సఫీగారు సృష్టించిన కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్. తరువాతి తరమున మధుబాబుగారి షాడో తెలుగు యువకుల హృదయములను ఏలినాడు. ఇరుగు పొరుగు భాషలవారు ఒకరి కావ్యములను ఒకరు చదివిరో లేదో గాని, అపరాధిని పట్టుకొను ముచ్చట మాత్రము అందరిదిగా నున్నది.

ఈ నాయకులందరిని ఒకే తరగతిగా ఎంచుట వాడుక. నిదానించి చూచినచో వారు రెండు తెగలవారు. యుగంధరునివంటి పరిశోధకుడు జరిగిపోయిన దానిని వెదకును. ఎవడు చేసినాడు, ఎట్లు చేసినాడు, ఎందుకు చేసినాడు అని ప్రశ్నించుట అతని వృత్తి. కథ చివర అతడు తన తర్కమును నలుగురి యెదుట విప్పి చెప్పవలెను. లేనిచో పాఠకుడు ఒప్పుకొనడు. షాడోవంటి గూఢచారి జరుగబోవు దానిని ఆపును. అతనికి మారుపేరు, మారువేషము, మాయమాట ఆయుధములు. అతడు చేసిన పని లోకమునకు తెలియకపోవుటయే అతని విజయము. మొదటివానికి సత్యమును బయటపెట్టుట ధర్మము; రెండవవానికి సత్యమును దాచుట ధర్మము. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో 'కేసినో రాయల్' నవలతో జేమ్స్ బాండును ప్రవేశపెట్టినాడు; అతని సంఖ్యలోని రెండు సున్నలకు చంపుటకు అనుమతి అని అర్థముగా ప్రసిద్ధి. 1966లో 'గూఢచారి 116' చలనచిత్రముతో అటువంటి నాయకుడు తెలుగు తెరమీదను వెలసినాడు.

ఇక్కడ ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. అబద్ధమాడరాదని పిల్లలకు చెప్పు మనము, పుటపుటకును అబద్ధమాడు నాయకుని చూచి ఏల సంతోషింతుము? దొంగతనము, కపటలేఖ, మారుముద్ర ప్రతినాయకుడు ప్రయోగించినచో నేరములు. నాయకుడు ప్రయోగించినచో నేర్పులు. ఈ భేదమునకు ఆధారమేమి?

'దేశము కొరకు' అని వెంటనే సమాధానము వచ్చును. అది తేలికగా త్రోసివేయదగిన సమాధానము కాదు. శత్రువు మన కోటను బద్దలుకొట్టుటకు సొరంగము త్రవ్వుచుండగా, వానికి నిజము చెప్పుటయే ధర్మమనువాడు కోటలోని పిల్లల మాట మరచినవాడు. రాజులు చారచక్షువులని మన పెద్దలు ఊరక చెప్పలేదు. అయినను ఈ సమాధానమొక్కటియే చాలునా? దీనిని పరీక్షించుటకు రెండు దొంగలేఖలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. ఒకటి నాటకములోనిది, మరియొకటి బీదరు చరిత్రలోనిది.

విశాఖదత్తుని ముద్రారాక్షసము మన ప్రాచీన సాహిత్యమున గూఢచారి కథలకు తలమానికము. నందుల మంత్రియగు రాక్షసుని ఉంగరము చాణక్యుని చారుడగు నిపుణకునికి దొరకును. చాణక్యుడు ఒక లేఖను కల్పించి, దానిని రాక్షసుని మిత్రుడైన శకటదాసుచేతనే, అతనికి విషయము తెలియకుండ, వ్రాయించును. దానిపై రాక్షసుని ముద్ర వేయించును. దస్తూరి నిజమైనది, ముద్ర నిజమైనది, మాట మాత్రము అబద్ధము. ఆ లేఖను చూచిన మలయకేతువు రాక్షసుని అనుమానించి దూరము చేసికొనును. చివరకు రాక్షసుడు చంద్రగుప్తునికి మంత్రి యగును. ప్రేక్షకులు చాణక్యుని బుద్ధికి జోహారులర్పింతురు. కాని నడుమ ఒక సంగతి జరుగును. ఆ లేఖను నమ్మిన మలయకేతువు, తన పక్షముననున్న ఐదుగురు రాజులను ద్రోహులని యెంచి చంపించును. ముగ్గురిని గోతిలో పూడ్పించును, ఇద్దరిని ఏనుగులచేత త్రొక్కించును. లేఖ మోపిన నేరము వారు చేసినది కాదు. ఆ ఐదుగురి పేర్లు జ్ఞాపకమున్న ప్రేక్షకులు ఎందరు?

రెండవ లేఖ కథ 1481 నాటిది. ఇరాను దేశపు గీలాను ప్రాంతమునుండి వర్తకమునకై వచ్చి, బీదరున బహమనీ సుల్తానులకు ప్రధానమంత్రియైన మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసా ఈ పట్టణపు కీర్తి. అతడు పెద్ద సుబాలను విభజించి, కోటల అధికారమును ప్రభువునకు అధీనము చేసి, సర్దారుల బలమును తగ్గించినాడు. అందుచేత శత్రువులు పెరిగినారు. ఫిరిస్తా తన చరిత్రలో చెప్పిన కథ యిది: కుట్రదారులు గవాను ముద్ర భద్రపరచు బానిసను మద్యముతో వశపరచుకొని, మడిచిన తెల్లకాగితముపై ముద్ర వేయించుకొన్నారు. దానిపై, ఒరిస్సా రాజును బహమనీ రాజ్యముపైకి దండెత్తి రమ్మని పిలిచినట్లు గవాను పేర వ్రాసి సుల్తానునకు చూపినారు. మూడవ ముహమ్మద్ షా అప్పుడు ఆంధ్రదేశమున కొండపల్లిలో విడిది చేసియున్నాడు. పారిపొమ్మని మిత్రులు హెచ్చరించినను గవాను వినక ప్రభువు సమ్ముఖమునకు వెళ్లినాడు. ముద్ర నాదియే, లేఖ నాది కాదు అని విన్నవించినాడు. సుల్తాను మరియొక ప్రశ్న వేయలేదు. 1481 ఏప్రిల్ 5వ తేదీన ఆ వృద్ధమంత్రి తల తెగినది. అనంతరము అతని ఖజానాను శోధించగా, రాజ్యమును ఏలిన ఆ మంత్రి తనకై దాచుకొన్నది అత్యల్పమని తేలినది. సుల్తాను పశ్చాత్తాపపడి, ఏడాదిలోగానే, 1482లో మరణించినాడు. తరువాతి దశాబ్దములలో బహమనీ రాజ్యము బీదరు, బీజాపురము, అహమ్మదునగరము, బేరారు, గోలకొండ అని ఐదు ముక్కలైనది. ఆ పతనమునకు ఈ హత్య యొక్కటియే కారణమనుట అతిశయోక్తి యగును. ఆ ముక్కలను కలిపి పట్టియుంచిన చేయి తెగినదనుట మాత్రము అతిశయోక్తి కాదు.

ఉపాయమొక్కటే. నిజముద్ర, దొంగలేఖ. పాటలీపుత్రపు కథలో దానిని బుద్ధికుశలత అనుచున్నాము. బీదరు కథలో దానిని పాపమనుచున్నాము. ఉద్దేశ్యములోనే భేదమున్నదందమా? కుట్రదారులను అడిగినచో వారును ఒక ఉద్దేశ్యము చెప్పియుందురు: పరదేశీయుల పెత్తనమును తొలగించి దక్కనీల హక్కును కాపాడినామని. మంచి ఉద్దేశ్యము లేని కుట్ర లోకమున కానరాదు. కావున ఉద్దేశ్యమొక్కటి చూచి తీర్పు చెప్పుట సాధ్యము కాదు.

నా మనవి ఏమనగా, అసలు భేదము నాయకునిలో లేదు. పాఠకుడు కూర్చున్న చోట నున్నది. నవలలో మనకు రచయిత హామీ యున్నాడు. ఫలానావాడు దుష్టుడని రచయిత చెప్పినాడు గనుక వాడు దుష్టుడే. షాడో పేల్చిన గుండు నిర్దోషికి తగులదని మనకు ముందే నమ్మకము. ఆ నిశ్చింతయే గూఢచారి నవల మనకిచ్చు సుఖము. జీవితమున అట్టి హామీదారుడెవడును లేడు. కొండపల్లి విడిదిలో సుల్తాను ఒక నవలను చదివినట్లు ఆ లేఖను చదివినాడు. వ్రాసినవాడు చెప్పినదంతయు నిజమని నమ్మి, చివరి పుటకు తొందరపడినాడు.

ఈ పుస్తకములు యువకులను చెడగొట్టునని పెద్దలు ఆక్షేపించుట కలదు. దొంగతనము నేర్చుకొందురని వారి భయము. పాఠకులు అంత అమాయకులు కారు. నవల చదివి తాళములు విరుగగొట్టినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. భయపడవలసినది మరియొకటి కలదు. మన పక్షమువాడు చేసినది న్యాయమే, ఎదుటి పక్షముపై వచ్చిన మాట నిజమే అను నిశ్చయము నవలనుండి నిశ్శబ్దముగా మన వెంట ఇంటికి వచ్చును. దొంగతనము నేర్చినవానిని పోలీసులు పట్టుకొందురు. ఈ నిశ్చయమును నేర్చినవానిని ఎవరును పట్టుకొనరు.

గూఢచారి నవలా రచయితలలోను ఈ సంగతి నెరిగినవారున్నారు. జాన్ లె కారే 1963లో వెలువరించిన 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' నవలలో బ్రిటిషు గూఢచారి శాఖవారు శత్రుపక్షములోని ఒక క్రూరుని, అతడు తమకు ఉపయోగపడుచున్నాడు గనుక, కాపాడుకొనుటకై, అదే పక్షములోని సమర్థుడైన పరిశోధకుని ద్రోహిగా కనుపించునట్లు చేయుదురు. ఆ పనికి సాధనమైన నాయకునికి కూడ అసలు పన్నాగము చివరివరకు తెలియదు. తెలిసిన పిమ్మట అతనికి బ్రదుకవలెనను కోరిక నశించును. ఆ నవల చదివి ముగించినవాడు చప్పట్లు కొట్టలేడు. ముద్రారాక్షసములో మనము మరచిన ఐదుగురు రాజులు ఇచ్చట మన యెదుట నిలిచి లెక్క అడుగుదురు.

కౌటిల్యుని మాట ఇక్కడ ఉపకరించును. ఆర్. శామశాస్త్రిగారు 1909లో మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రమున సన్న్యాసులుగా, వర్తకులుగా, గృహస్థులుగా, భిక్షుకులుగా తిరుగు చారుల వివరములు కలవు. శత్రువులలో భేదము పుట్టించుటకు కపటలేఖలను ప్రయోగింపుమని చెప్పుటకును ఆ గ్రంథము వెనుదీయదు. అట్టి గ్రంథమే చారుల మాటను నమ్ముటకు ఒక నియమము పెట్టినది: ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చారుల వార్తలు ఏకమైనప్పుడే నమ్మవలెను. ఇతరులను వంచించు విద్య చెప్పిన ఆచార్యుడు, తాను వంచితుడు కాకుండుటకు అంత జాగ్రత్తపడినాడు. కొండపల్లిలో మువ్వురు లేరు; ఒక్క కాగితమున్నది. లేఖ మోసినవాడెవడు, వ్రాత ఎవరిది, ముద్ర ఎవరి చేతిలో నుండును, ఈ మంత్రి చచ్చినచో ఎవరికి లాభము అను నాలుగు ప్రశ్నలు వేసినచో చాలియుండెడిది. యుగంధరు ఏ నవలలోనైనను మొదటి ప్రకరణమునందే ఆ ప్రశ్నలు వేయును. నాలుగణాల నవలలోని పరిశోధకునికున్న ఓపిక సింహాసనముపైనున్నవానికి లేకపోయినది.

మన భాషలో ఒక చిత్రమైన మాట కలదు. అనుమానము అనగా వ్యవహారమున శంక. ఎవనిమీదనైనను అనుమానము కలిగినదన్నచో వానిని నమ్మకుంటిమని అర్థము. తర్కశాస్త్రమున అదే మాటకు ప్రమాణమని అర్థము. కొండమీద పొగను చూచి నిప్పున్నదని నిర్ణయించు జ్ఞానసాధనము. మొదటి అనుమానమునకు శ్రమ అక్కరలేదు, ఎవరైనను చెవిలో ఊదిన చాలును. రెండవదానికి హేతువు కావలెను, దృష్టాంతము కావలెను, పొగయా మంచా అని తేల్చుకొనవలెను. మంచి పరిశోధక నవల చేయు పని యంతయు మొదటి అనుమానమునుండి రెండవ అనుమానమునకు పాఠకుని నడిపించుట. ఎల్లరును అనుమానించు నౌకరు నిర్దోషియని చివర తేలుట ఆ నవలలలో పాతబడిన ఎత్తే కావచ్చును. దానివలన కలుగు నీతి మాత్రము పాతబడదు.

కావున షాడోను ప్రేమించుటకు మనము సిగ్గుపడనక్కరలేదు. అతని సాహసము, దేహబాధను సహించు ధైర్యము, మిత్రులకై ప్రాణమొడ్డు గుణము ప్రేమింపదగినవే. రాజ్యమునకు గూఢచారులు అవసరమగుటయు సత్యమే. అయితే అతని అబద్ధమునకు మనమిచ్చు అనుమతి పుస్తకమునకు మాత్రమే చెల్లును. ఆ పుస్తకము మూసిన పిమ్మట మన వెంట రావలసినవాడు యుగంధరుడు. ఒక పొరుగువానిపైననో, ఒక ఉద్యోగిపైననో, వేరు భాషవానిపైననో చెడ్డమాట మన చేతికి వచ్చినప్పుడు, ఇప్పుడది కాగితముమీద గాక చేతిలోని ఫోనుమీద వచ్చుచున్నను, దానిపైనున్న ముద్ర నిజమైనదిగానే కనుపించును. గవాను చెప్పిన సమాధానము ఆ నిర్దోషి కూడ చెప్పును: ముద్ర నాదియే, లేఖ నాది కాదు. ఆ మాట విని మరియొక ప్రశ్న వేయువారు మనలో ఎందరున్నారో, బీదరు మదరసాకు మిగిలిన ఆ ఒక్క మినారు క్రింద నిలిచి ఆలోచింపదగిన విషయము.