దుఃఖమున్న వాడలో పండుగ

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో బతుకుతున్న మన యువకులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, కష్టాల్లో కూడా సంతోషించాలని చర్చిలో చెప్తారు. పక్క గదిలో మనిషి చనిపోతే, చేతిలో పని పోతే, ఎట్ల సంతోషిస్తం? అసలు సంతోషించడం న్యాయమేనా?"

ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మా భానూరుకు దగ్గరలోనే ఉన్న పాశమైలారంలో 2025 జూన్ 30న మందుల తయారీకి ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీ పేలిపోయి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ వంటి చోట్ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. కొందరిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. అలాంటి ఏడాది డిసెంబరులో ఇంటి మీద నక్షత్రం కట్టాలా, వద్దా?

ముందు ఒక విషయం తేల్చుకుందాం. కష్టంలో సంతోషించమని ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు అన్నది చాలా ముఖ్యం. కడుపు నిండినవాడు ఆకలితో ఉన్నవాడికి ఆ మాట చెప్తే అది బోధ కాదు, నోరు మూయించడం. ఎప్పుడూ ఆనందించమని ఫిలిప్పీ సంఘానికి రాసిన పౌలు ఆ ఉత్తరం రాసేనాటికి బంధకాల్లో ఉన్నాడు. అదే ఫిలిప్పీ పట్టణంలో అంతకుముందు ఆయనా సీలా దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకుని, అర్ధరాత్రి చెరసాలలో పాటలు పాడారు. పాడినవారి ఒంటి మీద గాయాలున్నాయి. అందుకే తోటి ఖైదీలు చెవి ఒగ్గి విన్నారు. అంతటితో ఆ కథ అయిపోలేదు. తెల్లవారి అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టారు, మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపొండి అన్నాడు. రాత్రి పాట పాడినవాడే పొద్దున న్యాయం అడిగాడు. ఈ రెంటికీ పొత్తు కుదరదు అనుకునేవారు ఈ అధ్యాయం చివరిదాకా చదవాలి.

హబక్కూకు ప్రవక్త కూడా అంతే. చెట్లు కాయలేదు, పొలం పండలేదు, కొట్టంలో పశువు లేదు అని పోయినవన్నీ ఒక్కొక్కటిగా లెక్క చెప్పాకే దేవునిలో ఆనందిస్తానంటాడు. ఏమీ పోలేదని బుకాయించలేదు. కీర్తనల గ్రంథంలో స్తుతులతో పాటు ఎన్నో మొరలున్నాయి. విలాపవాక్యములని ఏడుపుకే ఒక గ్రంథం ఉంది. ఏడ్చేవాడి కోసం ఇంత చోటు ఉంచిన గ్రంథం ఏడవొద్దని చెప్తుందా? నవ్వేవారితో నవ్వమని చెప్పిన పౌలే, ఏడ్చేవారితో ఏడవమని కూడా చెప్పాడు.

మన పాత మెదక్ జిల్లాలోనే దీనికి సాక్ష్యం నిలబడి ఉంది. మెదక్ చర్చి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. ఆ పదేళ్లు ఎలాంటివో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం, 1918 నాటి విషజ్వరం, పల్లెల్లో కరువు. మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ ఊరికే గింజలు పంచిపెట్టకుండా చర్చి కట్టే పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. 175 అడుగుల గోపురం, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున్న ఆ గుడిని చూడడానికి నేడు అన్ని మతాలవారూ వస్తారు. రంగు అద్దాల్లో మెరిసే యేసు పుట్టుకను చూసి ఫొటోలు తీసుకుంటారు. కానీ ఆ రాళ్లు మోసినవారు ఆకలితో వచ్చిన కూలీలని మన పిల్లలకు చెప్పాలి. కరువులో అంత పెద్ద గుడి ఎందుకని అడగవచ్చు, అడగాలి కూడా. నాకు తోచిన జవాబు ఇది: ఆ పని ముందు అన్నం పెట్టింది, తర్వాతే గోపురమైంది. అన్నం పెట్టకుండా గోపురం మాత్రమే లేపి ఉంటే దాన్ని పండుగ అనలేం.

ఇక మన ఆదివాసీ బతుకులోకి చూద్దాం. మాది కోయ కుటుంబం. మనకు పండుగ అంటే పంట ఇంటికొచ్చాక చేసే సంబరం ఒక్కటే కాదు. విజ్జె పండుం, అంటే విత్తనాల పండుగ, ఎండాకాలంలో, వానలకు ముందు వస్తుంది. అప్పటికి గాదెలు అడుగంటుతాయి. వాన పడుతుందో లేదో తెలియదు. అయినా ఊరంతా కలిసి విత్తనాన్ని పూజించి, రేల పాడి, ఆడి, ఆ తర్వాత దుక్కికి దిగుతుంది. చేతిలో ఉన్నదాన్ని చూసి కాదు, రావలసినదాన్ని నమ్మి చేసే పండుగ అది. హబక్కూకు మాట నాకు అర్థమైంది వ్యాఖ్యానాలు చదివి కాదు, ఈ పండుగను తలచుకుని. క్రైస్తవులమైనా కాకపోయినా మన పెద్దల ఈ తెలివిని పోగొట్టుకోకూడదు. ఇంకో సంగతి. మన పండుగ ఒక ఇంటిది కాదు, ఊరిది. ఏ ఇంట్లో చావుందో, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఊరికి తెలుస్తుంది.

పారిశ్రామిక వాడలో తెగిపోయింది సరిగ్గా ఇదే. వరుసగా కట్టిన అద్దె గదుల్లో పక్కవాడి పేరు తెలియదు. ఒకడు రాత్రి షిఫ్టు, ఇంకొకడు పగటి షిఫ్టు. పండుగ అంటే సౌండు బాక్సులు, కేకు, అప్పు చేసి కొన్న బట్టలు అయిపోయింది. జనవరిలో వడ్డీ కట్టలేక ఏడ్చే పండుగ డిసెంబరులో ఎంత గట్టిగా మోగినా అది ఆనందం కాదు.

మరి ఆనందం అంటే ఏమిటి? నెహెమ్యా గ్రంథంలో ఒక సన్నివేశం ఉంది. ధర్మశాస్త్రం విని జనం ఏడుస్తుంటే, వెళ్లి తినండి, తాగండి, ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపండి అని చెప్తారు. ఆ వంతులే దానికి కొలత. ద్వితీయోపదేశకాండంలో కూడా పండుగలో దాసుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు కలిసి సంతోషించాలన్న నియమం ఉంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే కాంట్రాక్టు కూలీ, ఒడిశా వలస కుర్రాడు, ప్రమాదంలో భర్త పోయిన తల్లి. వీరు లేని పండుగను బైబిలు పండుగగా ఎంచదు.

అందుకని నక్షత్రం కట్టవచ్చునని నేను అంటాను. కానీ దానికి ముందు చేయవలసిన పనులున్నాయి. చావు జరిగిన ఇంటికి వెళ్లి కూర్చోండి. మైకు ఎంత పెట్టాలో, ఏ వీధిలో పాడాలో వాళ్లను అడిగి నిర్ణయించండి. ఆరాధనలో చనిపోయినవారి పేర్లు చదవండి. వాళ్ల కుటుంబానికి రావలసిన పరిహారం కాగితాలు రాసిపెట్టడం, కార్యాలయానికి తోడు వెళ్లడం పండుగ పనుల జాబితాలో చేర్చండి. చదువుకున్న మన యువత చేయగల సేవ ఇది. ఇంటికి పోలేని జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లను పిలిచి వాళ్ల భాషలో ఒక పాట పాడమనండి. మీరూ కోయలోనో, లంబాడీలోనో, మీ ఇంటి భాషలో పాడండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. తండ్రి పోయిన పిల్లను పండుగ కార్యక్రమంలో డాన్సు చేయమని బలవంతపెట్టొద్దు. బాధగా ఉంటుందని పక్కనా పెట్టొద్దు. రమ్మని పిలిచి, ఆ పిల్ల ఎలా ఉండాలనుకుంటే అలా ఉండనివ్వండి. ఏడ్చినా మన మధ్యే ఏడవగలగాలి.

దుఃఖం మనిషిని ఒంటరిని చేస్తుంది. కష్టం పూర్తిగా తీరాకే కలుస్తామంటే కూలి బతుకుల్లో ఆ రోజు ఎప్పటికీ రాదు. అందుకే ఉన్న దుఃఖంతోనే కలవాలి, ఉన్న గింజలతోనే వండుకోవాలి, వంతు పంపాలి, పాడాలి. పొద్దున లేచి రావలసిన న్యాయం అడగడానికి కూడా ఆ బలమే కావాలి.