ఏ కొలతతో తండ్రి?

భర్తగా, తండ్రిగా ఒక మగవాణ్ణి తలుచుకునేటప్పుడు మనం లెక్కపెట్టేవి సంపాదన, కట్టించిన ఇల్లు, చేసిన పెళ్ళిళ్ళు. మిర్యాలగూడ ప్రణయ్‌కి ఆ లెక్కలేవీ లేవు. 2018 జనవరిలో అమృతను పెళ్ళి చేసుకున్నాడు. సెప్టెంబరు 14న, గర్భిణి అయిన ఆమెను డాక్టరుకి చూపించి వస్తుంటే ఆస్పత్రి బయటే నరికి చంపారు. 2019 జనవరిలో పుట్టిన కొడుకుని అతను చూడలేదు.

ఈ దళిత యువకుణ్ణి చంపించాడన్న కేసులో మొదటి నిందితుడు అమృత తండ్రి. విచారణ ముగియకముందే, 2020 మార్చిలో చనిపోయాడు. మిగిలినవాళ్ళలో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేస్తూ 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. అయినా 'పాపం, కూతురంటే ప్రాణం ఆయనకి' అన్న మాట సూర్యాపేటలో, కోదాడలో చదువుకున్న ఆడవాళ్ళ నోటే విన్నాను.

ఆ మాటను నేను కొట్టిపారెయ్యను. అతను కూతుర్ని గారాబంగానే పెంచి ఉండొచ్చు. కానీ కూతురు సొంతంగా ఒక మనిషిని ఎంచుకోగానే పగగా మారే ప్రేమలో కులమూ సొంతదారు హక్కూ ఎంత, బిడ్డ ఎంత? పెంచిన ఏళ్ళతో, పెట్టిన ఖర్చుతో కొలిస్తే ప్రణయ్ ఎప్పటికీ ఓడిపోతాడు. భార్య ఇష్టాన్ని గౌరవించి, బెదిరింపుల మధ్య ఆమె పక్కనే నడిచిన ఆ ఎనిమిది నెలలతో కొలవడం మనం నేర్చుకోవాలి.