ముహూర్తం పెట్టిన గదిలో జూలియెట్ లేదు

"అమ్మానాన్నల మాట వినలేదు, అందుకే చచ్చిపోయారు. అంతే కదా మేడమ్?" డిగ్రీ పిల్లలకు 'రోమియో అండ్ జూలియెట్' పాఠం చెప్పినన్నాళ్లూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉండేవారు. షేక్‌స్పియర్‌కు ఈ కథ అందించిన ఆర్థర్ బ్రూక్ కూడా 1562లో తన కావ్యానికి రాసుకున్న ముందుమాటలో దాదాపు ఇదే తీర్పు ఇచ్చాడు. నేను ఒప్పుకోను. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ వింటూ చర్చి నీడన పెరిగినదాన్నే, అయినా ఒప్పుకోను.

మొదటి అంకంలో జూలియెట్ తండ్రి కాపులెట్ మంచివాడే. పిల్లకింకా పద్నాలుగు నిండలేదు, మరో రెండేళ్లు ఆగమంటాడు. ముందు ఆమె మనసు గెలుచుకో, ఆమె ఇష్టం ముందు నా మాట కొంతే అని పెళ్లికొడుకు పారిస్‌తో చెబుతాడు. ఏ తండ్రి నోట విన్నా ముచ్చటేసే మాట. మూడో అంకానికి అతని భార్య మేనల్లుడు టిబాల్ట్ కత్తిపోటుకు చచ్చి, ఇల్లంతా శోకంలో ఉంది. ఆ సోమవారం పొద్దుపోయాక కాపులెట్ పారిస్‌కు మాటిచ్చేస్తాడు. బుధవారమా? మరీ దగ్గర. సరే, గురువారం. ఆ గదిలో జూలియెట్ లేదు. తెల్లారి ఆమె కాదనగానే, వీధుల్లో అడుక్కుతిని చావమంటాడు. సెయింట్ పీటర్ చర్చికి ఈడ్చుకుపోతానంటాడు. రాత్రనక పగలనక నీ సంబంధం కోసమే తపించానని అదే ఊపులో అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. తన శ్రమకు బాకీగా బిడ్డ తలూపాలని అతను నిజంగా నమ్ముతున్నాడు.

అతని కాలపు మతమే అతని పక్షాన లేదు. పన్నెండో శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ నాటి నుంచి కతోలిక సంఘం వధూవరుల సమ్మతితోనే వివాహం ఏర్పడుతుందని చెబుతూ వచ్చింది. 1563లో ట్రెంట్ మహాసభ, పెళ్లికి గురువూ సాక్షులూ ఉండి తీరాలని శాసించినప్పుడు కూడా, తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి చెల్లదన్న వాదాన్ని ఖండించింది. జూలియెట్ అప్పటికే ప్రమాణం చేసి రోమియోను రహస్యంగా పెళ్లాడింది. తండ్రి మాట వింటే దేవుడి ముందు ఇచ్చిన మాట తప్పాలి. పాలిచ్చి పెంచిన దాది కూడా పారిస్‌నే చేసుకోమన్నాక, ఆ పిల్లకు మిగిలింది లారెన్స్ గురువు ఒక్కడే.

నాకు ఎక్కువ కోపం ఆయన మీదే. అమ్మాయి మనసు తెలియకుండా ఈ పెళ్లి నాకు నచ్చలేదని పారిస్‌తో అన్నవాడు, ఆ మాట తండ్రి దగ్గర అనలేదు. తానే జరిపించిన పెళ్లి సంగతి చెప్పలేక, పిల్ల చేతికి 42 గంటల నిద్రమందు ఇచ్చాడు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లల విధేయత గురించి ఉంది. అక్కడే నాలుగో వచనంలో, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకూ చెప్పి ఉంది. నేను విన్న పెళ్లి ప్రసంగాల్లో ఆ వచనం ఎత్తినవారు తక్కువ. మన సంఘాల్లో పెళ్లినాడు పాస్టరుగారు అందరి ముందూ అమ్మాయిని సమ్మతమేనా అని అడుగుతారు. అప్పటికి కార్డులు పంచేసి, చుట్టాలు దిగి, వంటలు కూడా అయిపోయి ఉంటాయి. ఏ పిల్ల కాదనగలదు? పాస్టరు గార్లకు నా విన్నపం ఒక్కటే. ఆ ప్రశ్న ప్రధానానికి ముందే, తల్లిదండ్రులు లేని చోట అడగండి. ఆమె కాదంటే, ఆ సంగతి తండ్రికి మీరే చెప్పండి.