అంతియొకయలో విడిచిన విస్తరి

(గలతీయులకు 2:11–14 చదువుడి)



అంతియొకయ సంఘములో యూదులును అన్యజనులును కలిసి కూర్చుండి భుజించుచుండిరి. పెరిగిన ఆచారము వేరు, పుట్టిన జాతి వేరు. అయినను రొట్టె ఒక్కటే. శిష్యులకు క్రైస్తవులను పేరు మొదట కలిగినది ఆ పట్టణముననే (అపొ. కార్య. 11:26). పేతురు కూడ వారితో తినెను. అయితే యాకోబు తరపువారు కొందరు రాగానే అతడు మెల్లగా లేచి ప్రక్కకు తొలగెను. అతడు సువార్తను మార్చి బోధించెనని పౌలు నేరము మోపలేదు. కలిసి తినుట మానెననియే అందరియెదుట నిలదీసెను. బర్నబాయంతటివాడు సహితము పేతురు వెంట పోయెను.

ఈ మాట వ్రాయుటకు మాకు కారణమున్నది.

గడచిన జనవరిలో 18 నుండి 25 వరకు క్రైస్తవ ఐక్యత ప్రార్థన వారమును మా సంఘమును, కాలువ అవతలి పల్లె సంఘమును కలిసి జరుపుకొంటిమి. మాది ముంచి బాప్తిస్మమిచ్చు బాప్తిస్టు సంఘము. వారు లూథరనులు, శిశువులకు బాప్తిస్మమిత్తురు. వారి అయ్యగారు పుస్తకము చూచి ప్రార్థించిరి. అట్టి ప్రార్థనలో ఆత్మ యుండునా అని సెమినరీ దినములలో మేము గట్టిగా వాదించినవారమే. ఆ రాత్రి రోగుల కొరకైన ప్రార్థన చదువబడుచుండగా, మా సంఘములో ఎన్నడును నోరు తెరచి ప్రార్థింపని ఒక ముసలమ్మ ప్రతి వాక్యము చివర బిగ్గరగా ఆమేన్ అనుట విని మా వాదము మరచితిమి. పాటలకు చిక్కే లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఇరువురి చేతులలోను ఉన్నది. పురుషోత్తమ చౌధరిగారి కీర్తన ఎత్తుకొన్న తరువాత ఎవరిది ఏ సంఘమో గొంతునుబట్టి ఎవరు చెప్పగలరు?

కడపటి రాత్రి వారి గుడిలో ప్రార్థన ముగియగానే విస్తళ్లు వేసి పులిహోర వడ్డించిరి. అప్పుడు మా పెద్దలు నలుగురు లేచిరి. కరెంటు వచ్చు వేళయైనదట, మిరపచేనికి నీరు పెట్టవలెనట. మేమైనను కూర్చుంటిమా? వాకిట నిలుచుండి రెండు ముద్దలు నోట వేసికొని, ప్రొద్దుపోయినదని వచ్చితిమి. మా పెద్దలు ఏమనుకొందురో అను భయమే. పేతురు భయమును అట్టిదే.

మన పితరులు సిద్ధాంతములను తూచి సంఘములను ఎన్నుకొనలేదు. 1842లో హైయ్యరు దొరగారు గుంటూరునకు లూథరను బోధతో వచ్చిరి. ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారి పరిచర్యలో 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఏ మిషను బండి ఏ పల్లెకు చేరెనో ఆ పల్లె ఆ సంఘమాయెను. అనేక చోట్ల మాలపల్లె ఒక మిషనుకును, మాదిగపల్లె మరియొక మిషనుకును చేరెను. కనుక సిద్ధాంతభేదమని మనము పేరు పెట్టినది చాలమట్టుకు కాలువకు ఈవల ఆవల అను భేదమే. ఆ కాలువ మిషనరీలు త్రవ్వినది కాదు. వారి బండ్లు రాకమునుపే యున్నది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైరి. 1919లో తరంగంబాడి సభ మొదలుకొని దానికొరకు పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు తిరునెల్వేలి తమిళులు. తెలుగు నేర్చి మన పల్లెలలో తిరిగినవారు. 1945 జనవరి 1న కన్నుమూసి, ఆ దినము చూడకపోయిరి. మన తెలుగు బాప్తిస్టు, లూథరను సంఘములు అందులో చేరలేదు. బాప్తిస్మమును గూర్చియు, ప్రభువు బల్లను గూర్చియు పెద్దలు ఇంకను తర్కింతురు గాక. ఆ తర్కమును మేము చులకన చేయము. కాని పులిహోరకు బాప్తిస్మ విధముతో పనియేమి?

మరుసటి ఆదివారము ఈ వాక్యభాగమునే మా గుడిలో చదివి, వాకిట నిలుచుండి తిన్న సంగతి మొదట మేమే ఒప్పుకొంటిమి. కొందరు తల వంచుకొనిరి, కొందరు మామీద కోపగించిరి. రెండు దినములైన తరువాత, చేనికి నీరు పెట్టబోయిన పెద్దలలో ఒకరు మా ఇంటికి వచ్చి, చాలసేపు ఊరక కూర్చుండి, "అయ్యగారూ, పేతురు తరువాత మరల వారితో కూర్చుండి తినెనా?" అని యడిగిరి. గలతీ పత్రికలో ఆ సంగతి వ్రాయబడలేదని చెప్పితిమి.

వచ్చు మార్చి మొదటి శుక్రవారము స్త్రీల ప్రార్థన దినము. ఈసారి వంట మా పల్లెలో. ఆ పెద్దగారి ఇంట పెద్ద గుండిగ యున్నది, ఇత్తురా అని యడిగితిమి. ఇచ్చెదనన్నారు.