మెహర్ కాగితం మీద, జహేజ్ లారీ మీద

మీ సాయిబుల్లో కట్నాలుండవు కదా, మగపెళ్లివాళ్లే ఎదురు ఇస్తారట కదా అని మమ్మల్ని అడిగే మిత్రులు ఇంకా ఉన్నారు. అడగడంలో తప్పు లేదు. పక్కపక్క ఇళ్లల్లో వందల ఏళ్లు బతికినా ఒకరి గడప లోపల ఏం జరుగుతున్నదో ఇంకొకరికి తెలియని బతుకులు మనవి. కానీ ఇదే మాట మా మింబర్ల మీద నుంచి వినబడితే మాత్రం మాకు మంటెక్కుతుంది. ఇస్లాంలో కట్నం లేదంటారు. నిజమే, ఇస్లాంలో లేదు. ముస్లింల ఇళ్లల్లో ఉంది. ఈ రెండు మాటల మధ్య మా ఆడపిల్లలు నలిగిపోతున్నారు.

ఆడమనిషికి ఆమె మెహర్ మనస్ఫూర్తిగా ఇచ్చెయ్యమని ఖురాన్ నిసా సూరా నాలుగో వాక్యం చెబుతుంది. ఆమెను వదిలి ఇంకొకరిని చేసుకోదలచినా, ఇచ్చినది ఎంత పెద్ద రాశి అయినా అందులోంచి ఏమీ వెనక్కి తీసుకోవద్దని ఇరవయ్యో వాక్యం చెబుతుంది. మా దగ్గర జరిగేదేమిటి? నిఖా రోజు ఖాజీ సాబ్ సియాహాలో మెహర్ ఎంతో రాస్తాడు. చాలా ఇళ్లల్లో అది తర్వాత ఇస్తానన్న అప్పే. ఆ అప్పు తీరేది మొగుడి జనాజా లేచే ముందు. ముసలామెను మయ్యత్ దగ్గర కూచోబెట్టి, మాఫ్ చేశానని చెప్పమంటారు. ఆమె చెబుతుంది. ఆ ఘడియలో కాదనగలిగేదెవరు? అట్లా మెహర్ కాగితం మీద పుట్టి కాగితం మీదే పోతుంది.

జహేజ్ అట్లా కాదు, లారీ ఎక్కి కదులుతుంది. పలంగు, పరుపు, అల్మారా, డ్రెస్సింగ్ టేబుల్, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, డేగ్చీలు, చెంచాల దాకా. దానికంటే ముందు జోడేకీ రఖం వెళ్లిపోయి ఉంటుంది. పేరుకది పెళ్లికొడుకు బట్టల డబ్బు. ఏ బట్టకూ అంత ధర ఉండదని ఇచ్చేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు. సాంచఖ్, మెహందీ, ఎంతమంది బరాత్ వస్తే అంతమందికి బిర్యానీ, పెళ్లయ్యాక అయిదు జుమాగీలు. గల్ఫ్ దారి తెరుచుకున్న తర్వాత వీసా ఖర్చు కూడా ఈ లెక్కలో చేరింది. పాతబస్తీలో ఆటో నడిపే అబ్బా, పల్లెలో పరుపులు కుట్టే దూదేకుల తండ్రి, ఇద్దరూ ఈ లెక్క కిందే వంగిపోయారు.

ఇది హిందువుల నుంచి మాకు అంటుకున్న జబ్బు అనే మాట మాలో చాలా సుఖంగా చలామణీ అవుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందన్నది చరిత్ర ప్రశ్న. ఎందుకు ఉంచుకున్నామన్నది నీతి ప్రశ్న. పొరుగింటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ మేం ఉంచుకోలేదు. వద్దనుకున్నవి చాలా గట్టిగానే వద్దనుకున్నాం. దీన్ని మాత్రం ఉంచుకున్నాం, ఎందుకంటే కొడుకులున్న ఇంటికి ఇది లాభం. పైగా దీనికి మతం రంగు కూడా పూశారు. ప్రవక్త తన బిడ్డ ఫాతిమాకు సామాన్లిచ్చాడు కాబట్టి జహేజ్ సున్నత్ అంటారు. ఆ కొద్దిపాటి సామాను అలీ తన కవచం అమ్మి తెచ్చిన డబ్బుతో కొన్నదని చెప్పే సంప్రదాయం కూడా ఉంది. అంటే అది పెళ్లికొడుకు డబ్బు. ఆ సగం కథను మాత్రం పెళ్లిళ్ల సీజన్లో ఎవరూ చెప్పరు.

చట్టం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. 1961లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఆ చట్టం ముస్లింల మెహర్‌ను కట్నం కింద లెక్కగట్టకూడదంది. అంటే మెహర్‌ను వదిలింది తప్ప ముస్లింలను వదల్లేదు. జోడేకీ రఖం ఈ చట్టం కింద నేరమే. 1983లో ఐపీసీలో 498ఎ చేరింది. భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా హింసిస్తే మూడేళ్ల దాకా జైలు. 1986లో 304బి వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కట్నం వేధింపుల మధ్య అనుమానాస్పదంగా చనిపోతే కట్నం చావు కింద కేసు. 2024 జూలై 1 నుంచి ఇవి భారతీయ న్యాయ సంహితలో 85, 86, 80 సెక్షన్లయ్యాయి. జనం నోట్లో మాత్రం ఇంకా ఫోర్ నైంటీ ఎయిటే. ఈ సెక్షన్లలో ఎక్కడా మతం లేదు. కిరోసిన్ స్టవ్ ఏ మతం చూసి పేలిందని!

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మా పిల్ల దెబ్బలు తిని పుట్టింటికొస్తే మొదట బడేలు కూచుంటారు. తర్వాత మహల్లా పెద్దలు, జమాత్, ఖాజీ సాబ్. సబ్ర్ కరో బేటీ అంటారు. రెండుసార్లు, మూడుసార్లు సబ్ర్ చేసి నాలుగోసారి ఆమె పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే అప్పుడామె ఖౌమ్ ఇజ్జత్ తీసిందంటారు. మన మొగపిల్లల్ని మనమే పోలీసులకు పట్టిస్తామా అని అడుగుతారు.

ఈ మాటను మేం తేలిగ్గా తీసెయ్యం. పోలీస్ స్టేషన్ మాకు అందరికీ ఉన్నట్టు లేదు. 2007లో మక్కా మస్జిద్ పేలుడు తర్వాత ఎంతమంది కుర్రవాళ్లను ఎత్తుకుపోయారో, ఎన్ని హింసలు పెట్టారో, చివరికి నిర్దోషులని కోర్టులు వదిలేనాటికి వాళ్ల బతుకులేమయ్యాయో మాకు తెలుసు. అట్లాంటి గడప తొక్కడమంటే మా తల్లులకు వణుకు. ఆ వణుకు నిజం. కానీ ఆ వణుకు ఖరీదును ఒక్క ఆడదాన్నే కట్టమనడం అన్యాయం. పగిడీ దుకాణం కోసం అన్న మీద తమ్ముడు కేసు పెడితే ఖౌమ్ ఇజ్జత్ పోదు. వక్ఫ్ జాగా కోసం ముతవల్లీలు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కితే పోదు. ఎన్నికల తగాదాలో మనవాడే మనవాడి మీద ఫిర్యాదిస్తే పోదు. భార్య నోరు తెరిస్తేనే పోతుందా? అట్లా పోయేది ఖౌమ్ ఇజ్జత్ కాదు, మొగుడి ఇజ్జత్. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఆమె నోరు మూస్తున్నారు.

2019లో వచ్చిన తలాక్ చట్టాన్ని మాలో చాలామందిమి వ్యతిరేకించాం. మూడుసార్లు తలాక్ అన్నందుకు ముస్లిం భర్తకు మూడేళ్ల జైలు. తలాక్ మాట కూడా అనకుండా భార్యను వదిలేసి పోయిన తక్కిన భర్తలకు అట్లాంటి శిక్ష లేదు. ఒక మతం మగవాణ్ణి మాత్రమే నేరస్తుణ్ణి చేసే చట్టానికీ, ఏ మతం మగవాడైనా పెళ్లాన్ని హింసిస్తే పట్టుకునే చట్టానికీ తేడా ఉంది. ఈ తేడా తెలిసినవాళ్లు మొదటిదాన్ని కాదన్న నోటితోనే రెండోదాన్ని కాదనలేరు. మా చెల్లెలు ఈ దేశపు ఆడవాళ్లందరితో కలిసి ఒకే వరసలో నిలబడి ఫిర్యాదు చేస్తున్నది. అందులో ఖౌమ్‌కు వచ్చే మచ్చ ఏముంది?

సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట. జాతీయ నేర రికార్డుల ప్రకారం 2022 ఒక్క ఏడాదే కట్నం చావులు ఆరు వేలు దాటాయి. భర్త, అత్తమామల క్రూరత్వం కింద నమోదైన కేసులు లక్షా నలభై వేలు. వీటిని చూసి మీరు ఏ మతాన్నీ బోనెక్కించలేదు. సమాజం, పితృస్వామ్యం, వస్తువ్యామోహం అని కారణాలు వెతికారు. అదే మా పిల్ల చనిపోతే షరియత్, బురఖా, ఉమ్మడి పౌరస్మృతి అని మొదలుపెడతారు. ఆమె చావుకు కారణమైన ఫ్రిజ్ మీ కంటికి కనబడదు. మమ్మల్ని ఉద్ధరించమని మేం అడగడం లేదు. మీ ఇంటి ఆడపిల్ల కేసును ఎట్లా చూస్తారో మా ఇంటి ఆడపిల్ల కేసునూ అట్లాగే చూడమంటున్నాం.

ఇక దుర్వినియోగం గొడవ. ఈ సెక్షన్‌ను ఆయుధంగా వాడుతున్నారని, ఇది చట్టం పేరుతో ఉగ్రవాదం అయ్యే ప్రమాదముందని 2005లో సుప్రీంకోర్టే అంది. చూసీ చూడకుండా అరెస్టులు చెయ్యొద్దని 2014లో చెప్పింది. ముందు కుటుంబ సంక్షేమ కమిటీలు విచారించాలని 2017లో అని, 2018లో ఆ కమిటీల ఆదేశాన్ని తనే తీసేసింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును కొట్టేస్తూ, ఎవరేం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించడం కుదరదంది.

ఇందులో నిజం లేదని మేం అనం. ఫిర్యాదు రాసేటప్పుడు ఇంట్లో ఇంకెవరెవరున్నారని అడిగి అందరి పేర్లూ ఎక్కించడం ఉంది. పేర్లు ఎక్కువుంటే రాజీకి తొందరగా దిగొస్తారని చెప్పే వకీళ్లున్నారు. దాంతో ఏ పాపం ఎరగని ఆడబిడ్డ కోర్టు వాయిదాల చుట్టూ తిరుగుతుంది. ఆమెకు కుదిరిన రిష్తా తప్పిపోతుంది. ఆమె కూడా మా ఆడపిల్లే.

అయితే ఫిర్యాదు ఎందుకట్లా ఉబ్బుతుందో చూడాలి. కట్నం ఇచ్చామని రుజువు చెయ్యడానికి రసీదు లేదు. ఇవ్వడం కూడా నేరమే కాబట్టి తండ్రి భయపడతాడు. బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఆమెనే శిక్షించకూడదని అదే చట్టం ఏడో సెక్షన్‌లో ఉందని ఎవరూ ఆమెకు చెప్పరు. అసలు సంగతి చెప్పలేక కొసరు సంగతులు పెంచుతారు. ఇంకోటి. ఆమెకు కావలసింది చాలాసార్లు మొగుడికి జైలు కాదు. తన సామాను, తన బంగారం, తన మెహర్, పిల్లలకు తిండి ఖర్చు. వాటికోసం సివిల్ కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది. అందుకే జైలు భయం చూపెట్టి రావలసిన అప్పు వసూలు చేసుకుంటుంది. డబ్బు చేతికందగానే కేసు వదులుకుంటుంది. 2003లో ఆంధ్రప్రదేశ్ ఈ సెక్షన్ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది కూడా. రాజీ అయిన కేసులన్నిటినీ చూపెట్టి ఇవన్నీ అబద్ధం కేసులనేవాళ్లు అప్పు తీరిన దస్తావేజును అబద్ధం దస్తావేజు అంటారా?

అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. తనకు జరిగింది నిజమే అయినప్పుడు, న్యాయం త్వరగా దొరకడం కోసం జరగనిది ఒకటి కలపొచ్చా? కలపకూడదని మేం అంటాం. చట్టానికి భయపడి కాదు. మాకు గవాహీ అనే మాట ఉంది. నిసా సూరాలోనే 135వ వాక్యం న్యాయం కోసం నిలబడి సాక్ష్యం చెప్పమంటుంది. అది మీకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వ్యతిరేకమైనా చెప్పమంటుంది. మా ప్రశ్నలు రెండింటికీ జవాబు ఇందులో ఉంది. సొంతవాళ్ల మీద నిజం చెప్పడం ద్రోహం కాదు, బాధ్యత. అందుకే స్టేషన్‌కు పోయిన పిల్ల ఖౌమ్‌కు ద్రోహం చెయ్యలేదు. కానీ సాక్ష్యమంటే నిజమే కావాలి. అందుకే కొట్టినవాడి పేరు రాయాలి, కొట్టనిదాని పేరు రాయకూడదు. దీన్‌ను నమ్మనివాళ్లు కూడా ఈ నీతిని ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ ఉండదనుకుంటాం.

ఇంత బరువునూ ఆమె ఒక్కదాని మీదే పెట్టడం మళ్లీ అన్యాయమవుతుంది. తక్కిన గవాలు ఎక్కడున్నారు? నిఖాకు ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లు మెహర్ ఎంతో విని సంతకం చేస్తారు. వాకిట్లో ఆగిన లారీని కూడా వాళ్లు చూశారు. దావత్ తిన్న వందలమందీ చూశారు. జోడేకీ రఖం మాట్లాడిన మధ్యవర్తికి అంకె కూడా తెలుసు. కోర్టు పిలిచినప్పుడు వీళ్లలో ఒక్కరూ కనబడరు. ఆమె ఒంటరిదయ్యేది అక్కడ. ఒంటరిదాని మాట బరువు పెంచడానికే ఆ నాలుగు అబద్ధాలూ వచ్చి చేరుతున్నాయి. నిజం చెప్పే గవాలుంటే అబద్ధంతో పని ఉండదు.

2021లో అహ్మదాబాద్‌లో ఒక ముస్లిం యువతి సబర్మతిలో దూకి చనిపోయాక దేశమంతా కదిలింది. ఆ ఏడాదే ముస్లిం పర్సనల్ లా బోర్డు నిరాడంబరమైన నిఖా కోసం ప్రచారం పెట్టింది. మంచిదే. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం షాదీ ముబారక్ కింద పేదింటి పెళ్లికి డబ్బిస్తున్నది. 51 వేలతో మొదలై 2018లో లక్షా నూటపదహార్లయింది. అదీ అవసరమే. కానీ ఆ లక్ష కూడా జహేజ్ లెక్కలో కలిసిపోతే లాభం ఎవరికి? ప్రచారాలు, పథకాలు పెళ్లి రోజుదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఆ తర్వాత ఆమె ఉండేది నాలుగు గోడల మధ్య.

అందుకే మేం అడుగుతున్నవి కొన్నే. మెహర్ నిఖా మజ్లిస్‌లోనే ఆమె చేతికివ్వాలి. పెళ్లిలో ఇచ్చిన ప్రతి వస్తువుకూ జాబితా రాయాలని 1985 నాటి నిబంధనలున్నాయి. సియాహాతో పాటు ఆ జాబితా రాసి అదే గవాల సంతకాలు తీసుకోవాలి. జాబితా రాస్తే జహేజ్‌ను ఒప్పుకున్నట్టు కాదా అంటారు. రాయకపోవడం వల్ల ఇన్నాళ్లూ ఆగిందా? కట్నంగా ఎవరు తీసుకున్నా మూడు నెలల్లోపు ఆమెకు అప్పజెప్పాలని చట్టం ఆరో సెక్షన్ చెబుతున్నది. రాసి ఉంటే అడగొచ్చు. అడిగి తీసుకున్న రఖం సంగతి తెలిస్తే ఆ నిఖా చదవనని ఖాజీ సాబ్ లేవాలి. జమాత్ పెద్దలు రాజీ చెయ్యదలిస్తే చెయ్యనీ, స్టేషన్‌కు పోవద్దని మాత్రం ఎవరినీ ఆపొద్దు. పోయిన పిల్ల వెంట మహల్లా నుంచి ఇద్దరు నడవాలి. ఆమె ఫిర్యాదులో ఉన్నది ఉన్నట్టు రాయించడానికి వాళ్లే సాయపడాలి.

ఇవేవీ షరియత్‌కు విరుద్ధం కాదు, రాజ్యాంగానికీ విరుద్ధం కాదు. విరుద్ధమయ్యేది కొడుకును అమ్ముకునే లెక్కకే. ఆ లారీ మన వాకిట్లోంచే కదిలింది, మన వాకిట్లోనే దిగింది. చూసినవాళ్లం చాలామందిమి ఉన్నాం. మనల్ని అడుగుతారు. చెప్పాలి.